మోకరించడమా, ఊరు విడవడమా?

అమిష్ వాళ్లు పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ వర్గం. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ లాంటి చోట, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరిన అమిష్ మనిషి దాచిన పెద్ద తప్పు బయటపడితే కనిపించే దారులు ముఖ్యంగా రెండు.

ఒకటి, సంఘం ముందు మోకరించి ఒప్పుకోవడం. ఆరాధన అయ్యాక పిల్లల్నీ బాప్తిస్మం కానివాళ్లనీ బయటికి పంపేస్తారు. సభ్యులు క్షమించారంటే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఇది నాకు నిజంగా నచ్చుతుంది. మన ఊళ్లలో తాత చేసిన తప్పుని మనవడి పెళ్లి సంబంధం దగ్గర కూడా తవ్వుతారు కదా. కానీ ఆ తప్పుకి నలిగిపోయింది ఇంట్లో ఆడపిల్ల అయితే? క్షమించేశాం, ఇక మాట్లాడొద్దు అంటే ఆమె నోరు కట్టేసినట్టే. అలాంటిది పోలీసుల దాకా వెళ్లి తీరాలి.

రెండోది వెళ్లిపోవడం. బాప్తిస్మానికి ముందే వెళ్తే మామూలుగా వెలి ఉండదు. తర్వాత వెళ్తే ఉంటుంది. 1693లో, అమిష్ అనే పేరుకి మూలమైన యాకోబ్ అమ్మాన్ వర్గం మిగతావాళ్ల నుంచి విడిపోయింది కూడా ముఖ్యంగా ఈ వెలి గురించే. ఎన్నేళ్లకైనా తిరిగొచ్చి మోకరిస్తే మళ్లీ చేర్చుకుంటారు. అందాకా, కొడుకు చూడటానికి వస్తే అమ్మ భోజనం పెడుతుంది, పక్కన వేరే బల్ల వేసి.