క్రోమియం ట్రైఅయోడైడ్ స్ఫటికాలు: సరుకు మేలైనది, పంపిన తీరే బాగాలేదు

పలుచని పొరల్లో అయస్కాంతత్వాన్ని పరిశీలించే పని కోసం ఒక సరఫరాదారు నుంచి ఈ స్ఫటికాలను రెండు విడతలుగా తెప్పించుకున్నాము. దీని ఒంటి పొర కూడా 45 కెల్విన్ వరకు ఫెర్రో అయస్కాంతంగా (లోపలి చిన్న అయస్కాంతాలన్నీ ఒకే దిక్కుకు నిలిచే పదార్థంగా) ఉంటుందని 2017లో తేలినప్పటి నుంచి, ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారిలో చాలామంది చూపు ముందుగా దీని మీదే పడుతోంది.

స్ఫటికాల నాణ్యతకు వంక పెట్టలేను. నల్లగా నిగనిగలాడే పలకలు. టేపు అంటించి లాగితే పొరలు సులువుగా విడివడ్డాయి. క్రోమియం అయానులో డి కక్ష్యల్లో ఉండే మూడు ఎలక్ట్రాన్లు పరస్పర వికర్షణ వల్ల ఎక్కడివక్కడే నిలిచిపోయే పదార్థమిది కనుక, ఎలక్ట్రానుకు ఒకటి చొప్పున ఒక్కో అయానుకు సుమారు 3 బోర్ మాగ్నెటాన్లు (అణు స్థాయి అయస్కాంత బలానికి కొలమానం) రావాలి. వారు జతచేసిన కొలతల పత్రంలోనూ అంతే ఉంది. రెండు పొరల ముక్కను బోరాన్ నైట్రైడ్ పలకల మధ్య మూసి, పరావర్తన కాంతి ధ్రువణం ఎంత తిరుగుతోందో చూశాము; ముక్క మొత్తం అయస్కాంతత్వం ఎంతో ఆ తిరుగుడు చెబుతుంది. బయటి అయస్కాంత క్షేత్రం లేనప్పుడు దాదాపు ఏమీ కనిపించలేదు, 0.6 టెస్లా దాటాక సంకేతం ఒక్కసారిగా ఎగసింది. పొర లోపల స్పిన్లన్నీ (ఎలక్ట్రాన్ల చిన్న అయస్కాంతాలు) ఒకే దిక్కుకు ఉన్నా, క్షేత్రం లేనప్పుడు పై పొర, కింది పొర ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే అందుకు కారణం; బలమైన క్షేత్రం రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పుతుంది.

ఈ సంగతి మాత్రం వారి పత్రంలో లేదు. అందులో ఉన్నది మందపాటి స్ఫటికానికి తీసిన గీత, 61 కెల్విన్ క్యూరీ ఉష్ణోగ్రత (ఇది దాటితే ఫెర్రో అయస్కాంతత్వం పోతుంది). చల్లబరిచినప్పుడు మందపాటి స్ఫటికంలో పొరల పేర్పు మారుతుంది, పలుచని ముక్కల్లో సాధారణంగా మారదు. ఆ తేడాతోనే పొరల మధ్య అయస్కాంత బంధం తలకిందులవుతుంది: మందపాటి స్ఫటికంలో పక్కపక్క పొరలు ఒకే దిక్కుకు, పలుచని ముక్కల్లో ఎదురెదురుగా నిలుస్తాయి. ఆ పత్రాన్ని నమ్ముకున్న విద్యార్థి తన రెండు పొరల ముక్క చెడిపోయిందనుకునే ప్రమాదముంది.

అసలు ఫిర్యాదు రెండో విడత గురించి. మొదటిసారి గాలి తీసేసి మూసిన క్వార్ట్జ్ గొట్టంలో పంపినవారు, ఈసారి మరమూత సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపారు. గ్లోవ్ బాక్సులో (గాలి, తేమ చొరబడని, చేతితొడుగులున్న పెట్టెలో) మూత తీసేసరికే పలకల అంచులు చెమ్మగిల్లి గోధుమరంగుకు తిరిగాయి. ఈ పదార్థం తేమను పీల్చుకుంటుంది, వెలుతురు తగిలితే మరీ త్వరగా పాడవుతుంది. పలుచని ముక్కలైతే మైక్రోస్కోపు కింద చూస్తుండగానే బొట్లుగా మారిపోతాయి. ఫోటోలు పంపితే, మా గ్లోవ్ బాక్సునే అనుమానిస్తూ జవాబిచ్చారు. మూడో ఉత్తరం తర్వాత గానీ వేరే సరుకు రాలేదు.

క్వార్ట్జ్ గొట్టంలోనే పంపాలని ఆర్డరులో రాయించగలిగితే కొనవచ్చు. గ్లోవ్ బాక్సు లేనివారు మాత్రం గాలికి తట్టుకునే, 132 కెల్విన్ వరకు అయస్కాంత క్రమం నిలుపుకునే క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్ వైపు చూడడం మంచిది.