కాలేజీలో డబ్బు పాఠాలు: రెండేళ్లు వాడి చూశాక

శ్రీకాకుళంలో పీజీ చేసిన రెండేళ్లూ మా కాలేజీ ‘ఆర్థిక అక్షరాస్యత’ కార్యక్రమంలో ఉన్నాను. ఉద్యోగంలో చేరాక కూడా అక్కడి కోచ్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నా. చేరాలా వద్దా అని జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నా.

సెమినార్ హాల్లో ఉపన్యాసాల కోసమైతే చేరక్కర్లేదు. ఇంగ్లిష్ స్లైడ్లు, మ్యూచువల్ ఫండ్ల గ్రాఫులు, చివర్లో సమోసా, సర్టిఫికెట్. మెస్ బిల్లుకే తడుముకునేవాళ్లకి పోర్ట్‌ఫోలియో ఎందుకో! ఒకసారైతే అవగాహన పేరుతో వచ్చిన బీమా ఏజెంటు పాలసీలు అంటగట్టబోయాడు.

అసలు సరుకంతా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టే కోచింగ్‌లో ఉంది. మా కోచ్ మేస్టారు బ్యాంకులో రిటైరైనవారు. పాస్‌బుక్ పట్టుకెళ్లాలి, ఫోన్లో యూపీఐ హిస్టరీ తెరవాలి. క్లాసు పీకడం ఉండదు. నా రూమ్మేట్ లోన్ యాప్‌లో 3,000 తీసుకుంది. చేతికొచ్చింది 2,100, వారంలో మొత్తం 3,000 కట్టాలి.

“మీ ఊళ్లో వడ్డీ ఎంతమ్మా?” అన్నారు మేస్టారు.

“నూటికి మూడు రూపాయలండి.”

“మరి దీనికెంతో లెక్కకట్టు” అని కాగితం ఇటు తోశారు.

2,100కి వారానికి 900 వడ్డీ. నెలకి లెక్కేస్తే నూటికి 180 దాటింది. “ఏటండీ బాబూ ఇది!” అని అది కేలిక్యులేటర్ మళ్లీ మళ్లీ నొక్కింది. అప్పుడు చెప్పారాయన: రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చే ముందు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో రాసిన కాగితం చూపించి తీరాలి, అది చూపించని యాప్ జోలికే పోవద్దని.

విద్యారుణం సంగతీ అంతే. చదువయ్యేదాకా వాయిదాలు ఉండవంటే వడ్డీ కూడా ఉండదనుకున్నవాళ్లు మా బ్యాచ్‌లో చాలామందే. నాలుగు లక్షలకి పది శాతం వేసుకున్నా ఏడాదికి 40,000 పెరుగుతుంది. వీలున్నంత వడ్డీ అప్పుడప్పుడూ కట్టేస్తే తరవాత ఎంత తేలికో వేసి చూపించారు.

ఖాతా అద్దెకిస్తే నెలనెలా డబ్బులిస్తామని హాస్టల్ పిల్లల చుట్టూ తిరిగేవాళ్ల గురించి గట్టిగానే హెచ్చరించారు. మోసం డబ్బు ఆ ఖాతాలోంచి పోతే పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు ఇంటికే. మన డబ్బే అలా మోసంలో పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

లోటు కూడా చెప్పాలి. మా ఇళ్లలో పొదుపంటే చీటీయే. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీకీ, వీధిలో పిన్ని వేసే చీటీకీ తేడా ఏమిటో సిలబస్‌లో ఎక్కడా లేదు. నేను అడిగాను కాబట్టి మేస్టారు చెప్పారు.

ఐదుకి మూడున్నర ఇస్తా. ఆ మూడున్నరా కోచింగ్‌కే. అది సాయంత్రం నాలుగున్నరకి పెట్టడం వల్ల పలాస వైపు నుంచి రోజూ వచ్చేవాళ్లు బస్సు చూసుకోవాలో మేస్టారిని చూసుకోవాలో తేలక మానేస్తున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి మార్చమని మేం రాసిచ్చిన కాగితం ఆఫీసులోనే ఉంది.