సరస్సు పక్క రోడ్డు కాదు, గట్టు మీది రోడ్డు: ఫింగర్ లేక్స్‌లో నాలుగు రోజుల సైకిల్ యాత్ర

న్యూయార్క్ అంటే మనవాళ్ళకి సిటీ, లేకపోతే నయాగరా. ఆ రెంటికీ మధ్య కారులో పోతూ వాట్కిన్స్ గ్లెన్ ఊళ్ళో జలపాతాల గార్జ్ దగ్గర గంటన్నర ఆగి ఫొటోలు దిగినవాళ్ళు మా బంధువుల్లోనే పదిమంది దాకా ఉంటారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ఈసారి సెప్టెంబరు మూడో వారంలో, మంగళవారం నుంచి శుక్రవారం దాకా, మా బావా నేనూ ఆ చుట్టుపక్కలే, ఫింగర్ లేక్స్ అనే సరస్సుల ప్రాంతంలో, సైకిళ్ళ మీద తిరిగాం. ఇథాకాలో మొదలుపెట్టి డ్రెస్డెన్‌లో ఆపాం. మొత్తం ఎనభై మైళ్ళ లోపే. ఒక్కరోజులో వంద తొక్కేవాళ్ళకి ఇది నవ్వులాట. యాభైకి దగ్గరపడుతున్న మాకు సరిపోయింది.

బావ వేసిన మొదటి ప్లాన్ చాలా సింపుల్. కయూగా సరస్సు పక్కన 89వ నంబరు రోడ్డు, సెనెకా పక్కన 14. నీళ్ళు పక్కనే ఉంటాయి, రోడ్డు చదునుగా ఉంటుంది, ఇంకేం కావాలి? తప్పంతా అక్కడే ఉంది. సరస్సు కనిపించే రోడ్డు మనకి ఎంత ముద్దొస్తుందో, వైనరీలకి వచ్చే కార్లకీ, పడవల్ని లాక్కెళ్ళే పికప్ ట్రక్కులకీ అంతే ముద్దొస్తుంది. షోల్డర్, అంటే సైకిళ్ళు పోయే రోడ్డు అంచు, ఒకచోట బారెడు, ఇంకోచోట జానెడు. మొదటిరోజు పొద్దున రుచి చూద్దామని 89 మీద రెండు మైళ్ళు పోయాం. ట్రక్కు దాటిన ప్రతిసారీ హ్యాండిల్ ఊగుతోంది. "బావా, మనం సరస్సు చూడ్డానికి వచ్చామా, టైర్లు చూడ్డానికి వచ్చామా?" అన్నాను. మాట్లాడకుండా సైకిల్ వెనక్కి తిప్పాడు.

తిప్పి ఎక్కిన దారి బ్లాక్ డైమండ్ ట్రెయిల్. ఇథాకాలో కాస్ పార్కు నుంచి టొగానక్ జలపాతం పార్కు దాకా 8.4 మైళ్ళు. ఒకప్పుడు న్యూయార్క్ నుంచి బఫలో దాకా నడిచిన బ్లాక్ డైమండ్ ఎక్స్‌ప్రెస్ రైలు దారి ఇది. బ్లాక్ డైమండ్ అంటే బొగ్గు. ఆ రైలు 1959లో ఆగిపోయింది. పట్టాలు తీసేసి సన్నటి రాళ్ళపొడి పరిచారు. రైళ్ళు నిటారు కొండలు ఎక్కలేవు కదా, అందుకే ఎక్కుడు ఉన్నట్టే ఉండదు. గంట తొక్కాక వెనక్కి చూస్తే మాత్రం చాలా పైకి వచ్చేసి ఉంటాం. రెండు పక్కలా చెట్లే, సరస్సు అక్కడక్కడ ఆకుల సందుల్లోంచి తొంగిచూస్తుంది. కారు అన్నది లేదు. అన్నట్టు, సైకిల్‌కి గంటో, అలా చప్పుడు చేసేది ఇంకేదో ఉండి తీరాలని న్యూయార్క్ చట్టం. బావ అమెరికా వచ్చి ఇన్నేళ్ళైనా ఆ సంగతి నమ్మలేదు. కుక్కల్ని నడిపించేవాళ్ళు ఎదురైనప్పుడు నా గంట విని వాళ్ళు నవ్వుతూ జరగడం చూశాక, సాయంత్రానికి తనకీ ఒకటి కావాలన్నాడు.

టొగానక్ జలపాతం 215 అడుగులు ఒకే దూకు, నయాగరా కంటే 33 అడుగులు ఎక్కువ. కానీ వర్షాలు లేని సెప్టెంబరులో వెళితే అది జలపాతం కాదు, ఎవరో పైనుంచి ఆరేసిన తెల్లటి తువ్వాలు. బావ నీరసపడ్డాడు. నాకైతే నీళ్ళు తక్కువగా ఉండటమే నచ్చింది, వాగు అడుగున పరుచుకున్న బండ బాగా కనపడింది. కింది దారి ముప్పావు మైలు, పూర్తిగా చదును, ఎవరైనా నడవచ్చు. నిండు ప్రవాహం కావాలంటే వసంతంలో రావాలి.

రాత్రి అక్కడే పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేశాం. వేడినీళ్ళ షవర్ ఉంది, మామూలు రోజు కాబట్టి జనం లేరు. రాత్రంతా ఉడుతలో రకూన్‌లో మా బిస్కట్ ప్యాకెట్ సంగతి చూసుకున్నాయి. తిండి టెంట్ బయట వదిలిన తప్పు మాదే. ఈ యాత్రలో డబ్బుకి తగ్గ బస ఏదంటే నేను దీన్నే చెబుతాను. ఒక జాగ్రత్త: గడ్డిలోంచి వచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనక, నడుం దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. అక్కడ లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు ఉన్నాయి.

రెండో రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతం కిటుకంతా అందులోనే ఉంది. ఫింగర్ లేక్స్ 11 సరస్సులు. మంచుయుగంలో హిమానీనదాలు ఉత్తరం నుంచి జరుగుతూ వచ్చి ఇక్కడి లోయల్ని గోళ్ళతో గీరినట్టు లోతు చేశాయి. అందుకే సరస్సులన్నీ సన్నగా, పొడుగ్గా ఉంటాయి. సెనెకా లోతు 618 అడుగులు. పెద్ద లోయ అలా దిగిపోతే, పక్కనుంచి వచ్చే చిన్న వాగులు ఎత్తులోనే ఉండిపోయాయి. అవి కిందికి దూకుతూ రాయిని కోసుకున్న ఇరుకు దారులే ఈ గార్జ్‌లు. సైకిల్ మీద ఉన్నవాడికి దీని అర్థం ఒకటే. ఉత్తరానికో దక్షిణానికో పోతున్నంతసేపూ గట్టు మీద, అంటే సరస్సుల మధ్య ఎత్తు నేల మీద, హాయిగా పోవచ్చు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి అడ్డంగా దాటాలంటే మాత్రం తడిసి మోపెడవుతుంది. కయూగా నీటిమట్టం సముద్రానికి 382 అడుగుల ఎత్తు. మధ్యలో గట్టు 1,800 దాటుతుంది. మళ్ళీ సెనెకా దగ్గర 445కి దిగాలి. మొదటిరోజే రైలు దారి సగం పనిచేసి పెట్టింది కాబట్టి బతికాం. మిగతా సగంలో బావ మూడుసార్లు సైకిల్ దిగి నడిచాడు, నేను రెండుసార్లు. మూడోసారి బూటు లేసు కట్టుకోవడానికి దిగాను, అది లెక్కలోకి రాదు.

గట్టు మీద ఉన్నదే ఫింగర్ లేక్స్ నేషనల్ ఫారెస్ట్, దాదాపు 16,000 ఎకరాలు. న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న నేషనల్ ఫారెస్ట్ ఇదొక్కటే. పేరుకి అడవే గానీ సగం పచ్చిక బయలు. ఒకప్పుడు ఇవన్నీ పొలాలు. భూమి సారం పోయి రైతులు చితికిపోతే 1938 నుంచి 1941 లోపల ప్రభుత్వం వందకి పైగా కమతాలు కొనేసింది. ఇప్పటికీ అక్కడ ఆవుల్ని మేపుకోనిస్తారు. కంకర రోడ్లు తిన్నగా చదరంగం గళ్ళలా ఉంటాయి. గంటన్నరలో మాకు ఎదురైన బళ్ళు రెండే రెండు. ఒకచోట ఆగి నీళ్ళు తాగుతుంటే కంచె అవతల ఓ ఆవు గడ్డి పీకే చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. నాలుగు రోజుల్లో నాకు ఒక్క గంట తిరిగి ఇస్తామంటే దాన్నే కోరుకుంటాను. ఆ రాత్రికి అక్కడే ఉండిపోవాల్సింది. కానీ మోటెల్ ముందే బుక్ చేసుకున్నాం.

బర్డెట్ దాటాక వాట్కిన్స్ గ్లెన్ దాకా దిగుడు. ఎక్కడం కష్టమనుకుంటాం గానీ, బ్యాగులేసుకుని దిగడం ఇంకా టెన్షన్. బ్రేకులు పట్టుకునే ఉండకండి. పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. బావ పట్టుకునే దిగాడు. కిందికి వచ్చేసరికి కాలిన రబ్బరు వాసన, బ్రేక్ ప్యాడ్‌లు నున్నగా అరిగి గాజులా మెరుస్తున్నాయి. స్పేర్ ప్యాడ్‌లు నా బ్యాగులో ఉన్నాయి కాబట్టి ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. ఈ ఊళ్ళ మధ్య సైకిల్ షాపులు అడుగడుక్కీ ఉండవు. రెండు ట్యూబులు, ఒక జత ప్యాడ్‌లు, చైన్ లింకు వెంట తీసుకెళ్ళండి.

మోటెల్ పేరు చెప్పను. క్యాంపుకి అయిన ఖర్చుకి నాలుగింతలు పెట్టి, సైకిళ్ళు గదిలోకి తేవద్దన్న మాట కౌంటర్ దగ్గర విన్నాం. ఫోన్‌లో అడిగినప్పుడు పర్లేదన్నారు. చివరికి ఐస్ మెషిన్ వెనకాల స్తంభానికి రెండు తాళాలేసి పడుకున్నాం. బావ రాత్రి రెండుసార్లు లేచి చూసొచ్చాడు. బుక్ చేసేటప్పుడే ఈ మాట రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఇంకో విషయం, ఈ ఊరు కార్ రేసులకి పేరు. 1948లో ఊరి వీధుల్లోనే మొదలయ్యాయి, తర్వాత ట్రాక్ కట్టారు, 1961 నుంచి 1980 దాకా ఫార్ములా వన్ కూడా ఇక్కడే జరిగింది. రేసుల వారాంతంలో గదీ దొరకదు, రోడ్డూ ఖాళీ ఉండదు. క్యాలెండర్ చూసుకుని బయల్దేరండి.

గార్జ్‌కి పొద్దున్నే వెళ్ళాం. గేటు మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. సైకిళ్ళు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, బయట తాళం వేయాలి. కారుకైతే పార్కింగ్ డబ్బులు, మనకి ఆ బాధ లేదు. 19 జలపాతాలు, 800 పైచిలుకు మెట్లు. తొక్కి తొక్కి ఉన్న తొడలకి ఆ మెట్లు శిక్షే. అయినా ఈ ఒక్క చోటికి మాత్రం జనం ఉన్నా సరే వెళ్ళమంటాను. గోడలు అట్ల దొంతరలా పొరలు పొరలుగా ఉంటాయి. నీళ్ళు సుడి తిరిగిన చోటల్లా బండలో గుండ్రంగా రోళ్ళు తొలిచినట్టు గుంటలు, అందులో ఆకుపచ్చ నీళ్ళు. ఒకచోట దారి జలపాతం వెనక నుంచి పోతుంది. అక్కడ తలెత్తి చూస్తుంటే చల్లటి చుక్క ఒకటి సరిగ్గా కాలర్ లోపల పడింది. తొమ్మిదిన్నరకి మేం దిగొస్తుంటే బస్సుల జనం ఎక్కుతున్నారు. చలికాలంలో ఈ దారి మూసేస్తారు.

మూడో రోజు 14వ రోడ్డు వదిలేసి పడమటి గట్టెక్కి, డండీ మీదుగా కౌంటీ రోడ్లు పట్టుకుని పెన్ యాన్ వైపు పోయాం. ఇది మెనొనైట్ రైతుల ప్రాంతం, పాతకాలపు పద్ధతులు వదలని క్రైస్తవులు వీళ్ళు. గుర్రబ్బగ్గీలు, ఇనప చక్రాల ట్రాక్టర్లు. వాళ్ళూ సైకిళ్ళు బాగా తొక్కుతారు. గడ్డి టోపీ పెట్టుకున్న ఓ కుర్రాడు ఎక్కుడు మీద మమ్మల్ని దాటి, తలూపి, మాయమైపోయాడు. బగ్గీలకి అలవాటుపడ్డారు కాబట్టే కాబోలు, ఇక్కడ కార్లవాళ్ళు మా వెనక ఓపిగ్గా నెమ్మదిగా వచ్చారు, ఒక్కరూ హారన్ కొట్టలేదు. వాళ్ళ ఫొటోలు తీయకండి, ఇష్టపడరు. ఇంటి ముందు బల్ల మీద టమాటాలు, గుమ్మడికాయలు, పక్కన డబ్బులకి ఒక డబ్బా, మనిషి ఉండడు. చిల్లర లేక బావ రెండు డాలర్ల టమాటాలకి ఐదు వేశాడు. "మిగతాది ఆ కుర్రాడి ట్యూషన్ ఫీజు" అన్నాడు. ఆదివారం ఈ బల్లలు ఖాళీ, ఆ రోజు వాళ్ళేమీ అమ్మరు.

ఆ రాత్రి ఒక రైతు ఇంట్లో మేడ మీద గది. సైకిళ్ళకి గడ్డివామి పక్కన షెడ్డు చూపించారు. పొద్దున రొట్టె, ద్రాక్ష జామ్. రేటు మోటెల్ కంటే తక్కువే, మర్యాద ఎక్కువ.

చివరిరోజు పని లేదనే చెప్పాలి. పెన్ యాన్ నుంచి డ్రెస్డెన్ దాకా క్యూకా అవుట్‌లెట్ ట్రెయిల్, ఏడు మైళ్ళు. క్యూకా సరస్సు నీళ్ళు సెనెకాలోకి దిగే వాగు పక్కనే దారి. తేడా 270 అడుగుల పైనే, అంతా మన వైపు దిగుడే. 1833లో ఇక్కడ కాలవ తవ్వి లాకులు కట్టారు, అది పోయాక రైలు వచ్చింది, 1972 తుఫాను వరదకి రైలూ పోయింది. పాత మిల్లుల గోడలు, వాటి పక్కన చిన్న జలపాతాలు, ఇప్పుడు చెట్లపాలు. కొన్నిచోట్ల వేర్లు, బురద. సన్నటి రేసింగ్ టైర్లతో రావద్దు.

డ్రెస్డెన్‌లో మా అక్క కారుతో, పులిహోర డబ్బాతో ఎదురు చూస్తోంది. జెనీవా నుంచి 14 మీద వచ్చిందట. "రోడ్డు ఎంత బాగుందిరా! పక్కనంతా నీళ్ళే. మీరిద్దరూ ఆ కొండలూ అడవులూ పట్టుకు తిరక్కపోతే హాయిగా ఇటే రావచ్చుగా?" అంది.

బావ నా వైపు ఒకసారి చూసి, సైకిల్ ఎత్తి కారు వెనక ర్యాక్‌కి కట్టడం మొదలుపెట్టాడు.