ఫిట్స్ పరీక్షలకు బరంపురమా, విశాఖా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ మధ్య ఎవరు కనపడినా అడిగేది ఒకటే: "మన రాష్ట్రంలోనే బరంపురం ఉండగా మీ తమ్ముణ్ని విశాఖ ఎందుకు తీసుకెళ్లారు?"

ఖర్చు చూసుకుంటే బరంపురమే మేలు. అక్కడి ఎమ్‌కేసీజీ సర్కారు మెడికల్ కాలేజీ. విశాఖలో ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకు వర్తించదు, మాకు చేతి డబ్బే అయింది. గుణుపూర్ రైలు మన ఊరి మీదుగా నేరుగా విశాఖ వెళ్తుందన్న సుఖం ఒక్కటే.

నా మటుకు తేల్చేది భాష. ఫిట్స్ వచ్చినవాడికి తనకేమైందో తెలియదు. చూసింది మా అమ్మ. ఆవిడది బజారు ఒడియా, కూరగాయల బేరం వరకే. మొదట ఊళ్లోనే ఒక చోట చూపిస్తే "మూర్ఛ వచ్చింది" అంది. ఒడియాలో మూర్ఛా అంటే స్పృహ తప్పడం. చీటీ మీద అదే రాసుకుని, ఈసీజీ (గుండె పరీక్ష) తీసి పంపేశారు. ఎడమ చెయ్యి ముందు కొట్టుకుందని, నాలుక కరుచుకున్నాడని, ఆ తర్వాత కాసేపు ఎవరినీ గుర్తుపట్టలేదని వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

విశాఖలో అమ్మ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. "ముందు ఏ చెయ్యమ్మా?" అని డాక్టరు మధ్యలో ఆపారు. ఒక పక్కే మొదలైతే మెదడులో ఎక్కడ వెతకాలో తెలుస్తుందట. సీటీ కాకుండా ఎమ్మారై రాశారు. ఈఈజీ (తలకు వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూసే పరీక్ష) మాత్రం నార్మల్ వచ్చింది. అప్పుడు నేను నోరు విప్పాను: "ఈ అరగంటలో ఏమీ దొరక్కపోతే జబ్బు లేనట్టేనా సార్?" కాదన్నారు. రాత్రి నిద్ర తగ్గించి రమ్మని మళ్లీ తీశారు. ఈసారి కునుకు పట్టినప్పుడు తేడా కనిపించింది. అడగకపోతే ఆ నార్మల్ కాగితంతోనే ఇంటికొచ్చేవాళ్లం.

(ఈఈజీకి తలకు నూనె రాసుకోకుండా వెళ్లండి. వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపకండి.)

బరంపురమే వెళ్తే ఒడియా బాగా వచ్చినవాళ్లతో పాటు కళ్లారా చూసినవాళ్లనూ తీసుకెళ్లండి. మూర్ఛ అన్న మాట వాడకుండా, ఎలా కొట్టుకున్నాడో చేసి చూపించండి. ఫోన్లో వీడియో ఉంటే ఏ భాషా అక్కర్లేదు. భువనేశ్వర్ ఎయిమ్స్ అంటారా, అక్కడికి డాక్టరు రాసి పంపితే చూసుకోవచ్చు.

మాత్రలకు మాత్రం మేమిప్పుడు బరంపురమే వెళ్తున్నాం, విశాఖ రిపోర్టులు, ఎమ్మారై సీడీ సంచిలో పెట్టుకుని. ప్రతిసారీ విశాఖ ఎవరు తిరుగుతారు?