ఒంగోలు కర్నూలు రోడ్డు మెస్: పప్పు, చారు, కడిగిన గ్లాసు

ఒంగోలులో కర్నూలు రోడ్డు నుంచి చీలిన ఒక సందు మొదట్లో ఉన్న ఈ భోజనశాలకు ఎనిమిది నెలలుగా వారానికి రెండు మూడు సార్లు వెళుతున్నాను. పేరు రాయవద్దని యజమాని అడిగారు. ఆయనకు రుచించని మాటలు కూడా కొన్ని రాయబోతున్నాను కనుక నాకూ అదే మేలనిపించింది. ఎనిమిది బల్లలు, ముప్పై రెండు కుర్చీలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర వరకు శాకాహార భోజనం మాత్రమే. వెల 110 రూపాయలు. రాత్రిపూట పొయ్యి వెలిగించరు.

ముందు తిండి సంగతి. పప్పు రోజూ మారుతుంది. బుధవారం నాటి గోంగూర పప్పు కోసం చీమకుర్తి నుంచి పనిమీద వచ్చినవారు కూడా ఆగి తిని వెళ్లడం చూశాను. చారులో మిరియాల ఘాటు పిల్లలకు ఎక్కువే. దొండకాయ వేపుడులో నూనె తేలుతుంటుంది, చెప్పి చూశాను, తగ్గలేదు. పెరుగు మాత్రం గరిటె నిలబడేంత గట్టిగా ఉంటుంది. అన్నం మూడోసారి అడిగినా వడ్డించే కుర్రవాడి ముఖం మారదు.

ఇంతే అయితే ఈ సమీక్ష రాయవలసిన అవసరం లేదు. ఈ మాత్రం భోజనం ఒంగోలులో మరో నాలుగు చోట్ల దొరుకుతుంది. నన్ను ఇక్కడికి మళ్లీ మళ్లీ తీసుకొస్తున్నది స్టీలు గ్లాసు. ఈ మెస్‌లో కాగితపు పళ్లెం గానీ ప్లాస్టిక్ గ్లాసు గానీ కనబడవు. ఎవరు వచ్చినా అదే స్టీలు కంచం, అదే స్టీలు గ్లాసు, సలసల కాగే నీళ్లలో కడిగి పెరట్లో ఎండకు బోర్లించినవి. కుటుంబాలకు వేరే గది లేదు, తెలిసినవారికి వేరే బల్ల లేదు, ఎక్కడ కుర్చీ ఖాళీ అయితే అక్కడ కూర్చోవలసిందే. కోర్టు పని ముగించుకొని వచ్చిన వకీలుకు ఎదురుగా గ్రానైట్ లారీ డ్రైవరు, బ్యాంకు ఉద్యోగికి పక్కనే తెల్లవారుజాము నుంచి మురుగు కాలవలు తీసి స్నానం చేసి వచ్చిన పారిశుద్ధ్య కార్మికుడు కనిపించడం ఇక్కడ మామూలు.

నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ప్రాథమిక హక్కుల పాఠం వచ్చినప్పుడు, రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో భాగం దుకాణాలను, హోటళ్లను, బావులను, చెరువులను పేరుపెట్టి మరీ చెబుతుందనీ, కులాన్ని బట్టి అక్కడ ఎవరినీ ఆపరాదనీ పిల్లలకు వివరిస్తాను. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో దీనిపై చర్చ జరిగినప్పుడు అంబేడ్కర్ దుకాణం అన్న మాటకు చాలా విశాలమైన అర్థం చెప్పారు: అడిగి వచ్చిన వారెవరికైనా సేవ చేయడానికి యజమాని సిద్ధంగా ఉన్న ప్రతి చోటూ దుకాణమే. అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణం ఆమోదం పొందినదీ ఆ రోజే. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా ఈ మెస్‌కు వచ్చిన రెండో రోజున, కాలవ పని చేసి వచ్చిన ఒక పెద్దాయన నా ఎదుట కూర్చోగానే, కుర్రవాడు తెచ్చిపెట్టిన నా గ్లాసు అంచును జేబురుమాలుతో తుడిచాను. శుభ్రత కోసమే తుడిచానని ఆ క్షణాన నిజంగానే నమ్మాను. ఆయన ఏమీ అనలేదు. నా వంకే చూస్తూ, భుజం మీది తువ్వాలు తీసి తన గ్లాసు అంచు కూడా తుడుచుకున్నాడు.

ఆ రోజు పప్పు ఏమిటో నాకు గుర్తులేదు.

మా సొంత ఊరు పొదిలి వైపు. నా చిన్నతనంలో ఊరి టీకొట్టు పందిరి గుంజకు మేకులు కొట్టి రెండు మూడు గాజు గ్లాసులు బోర్లించి ఉండేవి. మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చినవారు వాటిని తామే తీసుకొని, తాగి, తామే కడిగి, మళ్లీ ఆ మేకులకే తగిలించి వెళ్లేవారు. హోటళ్లలోని పాత్రల వాడకంలో ఇటువంటి వివక్ష చూపడం 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ప్రకారమే నేరం. ఆ చట్టమే 1976 నుంచి పౌరహక్కుల రక్షణ చట్టంగా అమలులో ఉంది. మా ఊరి పందిరి గుంజకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తరువాత ఒకనాడు ఆ గ్లాసులు మాయమయ్యాయి. ఊరు మారిందని సంతోషించాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఊరు మారడానికి ముందే ప్లాస్టిక్ కప్పు చవకగా వచ్చిందని అర్థమవుతోంది. తాగి పారేసే కప్పుకు ఎంగిలి లేదు. అది అందరినీ సమానం చేసినట్టు కనిపించిందే గాని, ఒకరు తాగిన గ్లాసును కడిగి మరొకరి చేతికి ఇవ్వవలసిన పరీక్షను తప్పించింది. ఈ మెస్ యజమాని ఆ పరీక్షను ప్రతి మధ్యాహ్నం తన గిరాకీల ముందు పెడుతున్నారు. దానివల్ల కొందరు రావడం మానేశారని, నీళ్లకు, గ్యాసుకు ఖర్చు పెరిగిందని ఆయనే చెప్పారు.

నీళ్ల దగ్గరి పట్టింపు మా ప్రాంతంలో ఎంత దూరం వెళ్లగలదో నా తరానికి తెలుసు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దారుణం ఒక మంచినీటి చెరువు దగ్గరి తగాదాతో మొదలైంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో మా ప్రకాశం జిల్లాలోదే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. పేపరు చదివి మా పెదనాన్న, "చంపడం తప్పేలే గానీ, వాళ్లు మాత్రం కాస్త తగ్గి ఉంటే ఏం పోయేది?" అన్నారు. నేను తలాడించాను. మానవ హక్కుల గురించి నాకున్న నమ్మకాలను పాఠ్యపుస్తకం నుంచి కాక ఆ తలాడింపు నుంచి లెక్కపెట్టాలని ఇన్నేళ్లకు తోచింది. జేబురుమాలు బయటికి తీసిన చెయ్యి ఆ పిల్లవాడిదే.

ఇక యజమానికి రుచించని సంగతి. కంచాలు ఎత్తి, కడిగి, ఎండబెట్టే ఆవిడ హాలులో కూర్చొని తినగా నేను ఒక్కసారీ చూడలేదు. వంట మాస్టరు, వడ్డించే ఇద్దరు కుర్రవాళ్లు మూడున్నరకు బల్ల దగ్గర భోంచేస్తారు. ఆవిడ మాత్రం వెనుక వసారాలో పీట వేసుకొని, ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నెలో వడ్డించుకొని తింటుంది. యజమానిని అడిగితే, "నేనెప్పుడూ వద్దనలేదు మాస్టారూ, తనే రాదు" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ఆవిడను అడిగితే, "ఎందుకులే సారూ, నాకు ఇక్కడే నిమ్మళంగా ఉంటుంది" అంది. ఆవిడ కూడా అబద్ధమాడి ఉండదు. అయితే వద్దనకపోవడం, రమ్మని పిలవడం ఒకటి కావు. గిరాకీలకు కుర్చీల వరుస తప్పనిసరి చేయగలిగిన మనిషి తన దగ్గర పనిచేసే ఆవిడ విషయంలో మాత్రం అంతా ఆవిడ ఇష్టమేనని ఊరుకోవడం నాకు నచ్చలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. చాలాసేపు గల్లాపెట్టెలో చిల్లర లెక్కపెట్టి, "కూలి మాత్రం కుర్రాళ్లతో సమానంగానే ఇస్తున్నాను" అన్నారు. అది మంచి మాటే, కానీ నా ప్రశ్నకు జవాబు కాదు. సమాన పనికి సమాన వేతనం చెల్లించాలని 1976లోనే చట్టం చేశారు. కలిసి కూర్చొని తినమని ఏ చట్టమూ యజమానిని బలవంతం చేయలేదు.

నేను కూడా పెద్ద ఘనకార్యమేమీ చేయలేదు. ఒకరోజు ఆలస్యంగా వెళ్లి, నా కంచం పట్టుకొని వసారాలోకి నడిచాను. ఆవిడ గబుక్కున లేచి నిలబడింది, నేను కూర్చున్నంతసేపూ తినలేదు. నా మంచితనం ఆవిడ అన్నాన్ని చల్లార్చింది తప్ప మరేమీ జరగలేదు. ఆ తరువాత మళ్లీ ఆ పని చేయలేదు.

మిగిలినవి క్లుప్తంగా: వాకిట్లో మూడు ఎత్తైన మెట్లున్నాయి, చక్రాల కుర్చీ ఎక్కే వాలు లేదు, పక్కగా ఒక బండ పరిస్తే సరిపోయే పని. చేతులు కడిగే చోట సబ్బు ఉంటుంది. ఫోనులో డబ్బు చెల్లించవచ్చు. ఆదివారం సెలవు. బుధవారం ఒంటిగంట దాటాక వెళితే గోంగూర దొరకదు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో అర మెట్లకు, ఒకటి ఆ వసారాకు. వేపుడులో నూనెను లెక్కలోకి తీసుకోలేదు.