ఆర్ఎక్స్100 మార్క్ 4 స్లో మోషన్: 1000 వద్దు, 250 చాలు

సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 4, 2015లో వచ్చిన కెమెరా. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, అదీ స్లో మోషన్ కోసమే. జేబులో పట్టే కెమెరాలో సెకనుకి 1000 ఫ్రేములు అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది కదా.

మా చెల్లి పెళ్లిలో తలంబ్రాలు 1000లో తీశా. రెండు సెకన్లు తీస్తే ఎనభై సెకన్లు ఆడుతుంది, కానీ పెద్ద టీవీలో చూస్తే మనసు చివుక్కుమంది. పసుపు బియ్యం గింజలు గింజల్లా లేవు, అలికేసినట్టు పచ్చటి మచ్చలు, చెల్లి మొహం నిండా నాయిస్, అంటే గరుకు చుక్కలు. పైగా హాల్లో ట్యూబ్‌లైట్ల వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఒకటే ఫ్లికరింగ్. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, మామూలుగా కంటికి తెలీదు గానీ స్లో మోషన్‌లో మొత్తం బయటపడుతుంది.

అసలు సంగతేంటంటే 1000లో ఇది క్వాలిటీ మోడ్‌లో (బొమ్మ నాణ్యతకి ప్రాధాన్యం ఇచ్చే సెట్టింగ్) కూడా నిజంగా తీసేది 1136x384 పిక్సెల్సే, దాన్నే సాగదీసి ఫుల్ హెచ్‌డీ ఫైల్‌గా ఇస్తుంది, అంటే ఫుల్ హెచ్‌డీ పిక్సెల్స్‌లో ఐదో వంతు. 500లో 1676x566, అది కూడా సగం లోపే. 250లో మాత్రం 1824x1026, దాదాపు ఫుల్ హెచ్‌డీనే. వెలుతురు సంగతీ అంతే, మామూలు వీడియోకి షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికొచ్చే సమయం, 1/50 సెకను పెడతాం, 1000 ఫ్రేములకి కనీసం 1/1000 ఉండాలి, అంటే ఇరవయ్యో వంతు వెలుతురే లోపలికొస్తుంది, ఇక ఐఎస్ఓ (తక్కువ వెలుతురుని పెంచి చూపే సెట్టింగ్) పెరక్క ఏం చేస్తుంది, దాంతోనే ఆ నాయిస్. షూట్ టైమ్ మోడ్ పెడితే రెండు సెకన్లు కాస్తా నాలుగు అవుతాయి గానీ రిజల్యూషన్ ఇంకా పడిపోతుంది, నేనైతే దాని జోలికే పోను.

తర్వాత ఊళ్లో మధ్యాహ్నం ఎండలో, బోరు నీళ్ల కింద పిల్లలు గంతులేస్తుంటే 250లో తీశా. అబ్బ, ఎంత బాగుందో! పిల్లాడి కనురెప్ప మీద నీటి బొట్టు ఆగి, ఉబ్బి, జారిపోవడం స్పష్టంగా కనిపిస్తోంది.

కొనేవాళ్లు ఇంకో రెండు తెలుసుకోండి. ఈ స్లో మోషన్‌లో సౌండ్ రికార్డవదు. ఒకటి తీశాక సేవ్ అయ్యేదాకా ఇంకోటి తీయలేం, ఆ గ్యాప్‌లో నాకు అప్పగింతల్లో మంచి షాట్ పోయింది. అందుకే తీసే ఒక్క షాట్ టైమింగ్ తప్పకుండా ఎండ్ ట్రిగ్గర్ పెట్టుకోండి, పని జరిగాక బటన్ నొక్కితే అంతకుముందు రెండు సెకన్లు పడతాయి.