ఏడీ122 బస్సు: కారు లేని స్టూడెంట్లకు రోమన్ కోటలు, కొండల నడక ఒకే రోజులో

ఇంగ్లండ్ ఈశాన్యాన న్యూకాజిల్, సండర్లాండ్, మిడిల్స్‌బరోల్లో చదువుకునే మనవాళ్లకి కాస్త ఖాళీ దొరికితే చాలు, ఎడిన్‌బరోకో లండన్‌కో టికెట్లు వెతుకుతారు. పక్కనే ఉన్న, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడని చూడకుండానే డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో. అడిగితే కారు లేదుగా అంటారు. అందుకే ఏడీ122 బస్సు గురించి రాస్తున్నాను. కారు లేనివాళ్ల కోసమే వేశారా అన్నట్టుంటుంది ఈ సర్వీసు.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ బ్రిటన్‌కి వచ్చి, ఈ గోడ పని మొదలైన ఏడాది క్రీ.శ. (ఇంగ్లీషులో ఏడీ) 122. బస్సు నంబరు అక్కడి నుంచే వచ్చింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా దాదాపు 117 కిలోమీటర్ల గోడ, 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. బస్సు మాత్రం దాని మధ్య భాగంలో, బాగా నిలిచి ఉన్న చోట తిరుగుతుంది: హెక్సమ్‌లో ఎక్కితే చెస్టర్స్, హౌస్‌స్టెడ్స్ అనే రోమన్ కోటలు, ది సిల్ అనే సందర్శకుల కేంద్రం, విండోలాండా అనే ఇంకో కోట మీదుగా హాల్ట్‌విజిల్ చేరుతుంది. ఈ రెండు ఊళ్లకీ న్యూకాజిల్ నుంచి నేరుగా రైలుంది కాబట్టి వెళ్లేటప్పుడు హెక్సమ్‌లో దిగండి, తిరుగు రైలు హాల్ట్‌విజిల్‌లో ఎక్కండి, వెళ్లిన దారినే మళ్లీ రానక్కర్లేదు. 16-25 రైల్‌కార్డ్ (ఆ వయసువాళ్లకి ఇచ్చే రాయితీ కార్డు) ఉంటే రైలు టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం పది లోపు రైళ్లకి కనీస చార్జీ అని ఒక మెలిక ఉంది (జూలై, ఆగస్టుల్లో ఉండదు), అది చూసుకుని కొనండి.

మేం ముందు హౌస్‌స్టెడ్స్‌లో దిగాం, ఇప్పటికీ అందరికీ అదే చెప్తాను. రోడ్డు నుంచి కోటకి పది నిమిషాలు ఎత్తు మీదకి నడవాలి. సైనికులు ఉండే బ్యారక్‌లు, ఆసుపత్రి, ధాన్యం కొట్లు, అన్నిటి పునాదులూ స్పష్టంగా కనిపిస్తాయి. ధాన్యం కొట్లలో నేల కింద వరుసగా రాతి దిమ్మెలు నిలబెట్టి, కింద గాలి ఆడి గింజ బూజు పట్టకుండా చూసుకున్నారు, అవి చూశాక మన పల్లెల్లో గాదెని నేలకి ఎత్తుగా ఎందుకు పెడతారో వేరే చెప్పక్కర్లేదు. దిగువ మూలన మరుగుదొడ్లు ఉన్నాయి. చుట్టూ కూర్చునే బల్లలు ఇప్పుడు లేవు గానీ, కింద మురుగు కాలువ, తుడుచుకునే స్పాంజి కడుక్కోవడానికి ముందు సన్నటి నీటి కాలువ, నీళ్లు నిలవ చేసే తొట్టి ఉన్నాయి. అంతా అక్కడే కనిపిస్తుంటే ఇన్ని వందల మంది ఒకేచోట ఎలా బతికారో అర్థమవుతుంది. స్టూడెంట్ ఐడీ చూపిస్తే టికెట్ తగ్గుతుంది.

అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కకండి. గోడ వెంబడే పడమటికి స్టీల్ రిగ్ దాకా నడవండి, ఐదు కిలోమీటర్ల లోపే, కానీ ఆగకుండా ఎక్కడం, దిగడం ఉంటుంది కాబట్టి రెండు గంటలు పెట్టుకోండి. నల్లటి కొండ అంచు మీద గోడ, కింద క్రాగ్ లాఫ్ చెరువు, అటూ ఇటూ గొర్రెలు, మాట కూడా వినపడనంత గాలి. మధ్యలో సికమోర్ గ్యాప్ వస్తుంది. అక్కడ ఒంటరిగా ఉండి బాగా పేరుపడ్డ సికమోర్ చెట్టుని 2023 సెప్టెంబరులో రాత్రిపూట రంపంతో కోసేశారు, ఆ పని చేసిన ఇద్దరికి 2025లో జైలు శిక్ష పడింది. చెట్టు లేకపోతే ఇంకేం చూస్తాం అనుకోకండి, రెండు కొండల మధ్య ఆ లోయ ఇప్పటికీ ఎంతో బాగుంటుంది, మోడు నుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి కాబట్టి దయచేసి కంచె దాటొద్దు. పీల్ క్రాగ్స్ దగ్గర రాతి మెట్లు నిటారుగా ఉంటాయి, వాన పడితే జారతాయి, మామూలు స్నీకర్లు చాలవు. స్టీల్ రిగ్ నుంచి కిందకి దిగితే ది సిల్. దాని పైకప్పంతా గడ్డే, నడుస్తూ పైదాకా వెళ్లొచ్చు, మేం పులిహోర డబ్బాలు తెరిచింది దాని పక్కనే.

మిగిలిన పొద్దంతా విండోలాండాకి ఇవ్వండి. బస్సులో వెళ్లొచ్చు, ఓపికుంటే నడవొచ్చు కూడా. గోడ కట్టకముందే ఇక్కడ కోట ఉంది, ఒకదాని మీద ఒకటి తొమ్మిది కోటలు కట్టారు. గాలి చొరబడని తడిమట్టి వల్ల కలప, తోలు కుళ్లకుండా మిగిలాయి. మ్యూజియంలో పసిపిల్లల చెప్పులతో సహా గోడ నిండా చెప్పులే, 2017లో దొరికిన బాక్సింగ్ తొడుగులూ ఉన్నాయి. కానీ నన్ను కదలనివ్వనివి ఉత్తరాలు. పోస్టుకార్డంత పల్చటి చెక్క మీద సిరాతో రాసినవి, 1973లో మొదటిసారి బయటపడ్డాయి. ఎక్కువ భాగం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నా కొన్ని అసలువి ఇక్కడే చూపిస్తారు. సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు డ్రాయర్లు పంపాను అని ఎవరో ఒక సైనికుడికి రాశారు. ఊరు వదిలి వచ్చి, ఇంటి నుంచి వచ్చే పార్సిల్ కోసం ఎదురుచూసే మనకి దాన్ని ఎవరూ వివరించాల్సిన పని లేదు. ఇంకొకదాంట్లో క్లాడియా సెవెరా అనే ఆవిడ స్నేహితురాలిని సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకి పిలుస్తూ చివర సొంత చేతిరాతతో రెండు మాటలు కలిపింది. మరో చెక్క మీది ఖాతాలో ఒకతను మిరియాలు కొన్నట్టు ఉంది. రోమన్లకి మిరియాలు వచ్చేది దక్షిణ భారతం నుంచి, ఓడల్లో. మన దగ్గర శాతవాహనులు ఏలుతున్న రోజుల్లో మన వైపు మిరియం ఈ చలిప్రాంతం దాకా చేరిందంటే నాకు ఒళ్లు జలదరించింది.

వేసవిలో తవ్వకాలు జరుగుతుంటే వాలంటీర్లతో మాట్లాడొచ్చు, అడిగితే ఎంతో ఇష్టంగా చెప్తారు. తవ్వేది ఎక్కువగా పని రోజుల్లోనే, క్లాసుల్లేని రోజుంటే అప్పుడు వెళ్లండి.

ఇక ఇబ్బందులు. బస్సులు రోజుకి కొన్నే, ఒకటి పోతే తర్వాతది చాలాసేపటికి గానీ రాదు. చలికాలంలో నడపకపోవచ్చు, టైమింగులు ఏటా మారతాయి, కాబట్టి ముందురోజు రాత్రి ఆ ఏడాది టైమ్‌టేబుల్ చూసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, కొండల్లో సిగ్నల్ పోతుంటుంది. శాకాహారులు తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి. ఎండ కాసినా రెయిన్ జాకెట్ వదలొద్దు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకొస్తే కొండ నడక మానేసి, హౌస్‌స్టెడ్స్ నుంచి నేరుగా బస్సులో విండోలాండాకి వెళ్లండి, అక్కడ నేల చాలావరకు చదునే. చెస్టర్స్ కూడా కలుపుదామని మాత్రం చూడకండి, విండోలాండాలో టైము సరిపోదు. నా వైపు నుంచి ఐదుకి నాలుగున్నర, ఆ అర తగ్గించింది బస్సులు తక్కువని.